ఇంట్లో పిల్లల సంరక్షణ – 5వ పాఠం: నీళ్ల విరేచనాలు (ముందుగా, జ్వరం మందు లెక్క మరోసారి)

ఈ పాఠం నీళ్ల విరేచనాల గురించి. కానీ గత పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక, దాన్ని తేల్చకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు. విరేచనాల పాఠంలోనూ సరిగ్గా అక్కడే తడబడతారు కాబట్టి, కాస్త ఓపికగా చదవండి.

లెక్క ఇది. బిడ్డ బరువు 9 కిలోలు. జ్వరం వచ్చింది, బిడ్డ నలతగా ఉంది. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సిరప్ మీద ‘ప్రతి 5 మి.లీ.లో 125 మి.గ్రా.’ అని ఉంది. ఒక మోతాదు ఎన్ని మిల్లీలీటర్లు?

జవాబు 5.4 మి.లీ. చాలామంది 2.7 అని రాశారు. కొందరు 1.35 అన్నారు. ‘ఒక చెంచా’ అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి తర్వాత వస్తాను.

2.7, 1.35 అని రాసినవాళ్లు హెచ్చవేతలో ఎక్కడా తప్పలేదు. కిలోకు 15 మి.గ్రా. చొప్పున 9 కిలోలకు 135 మి.గ్రా. అని అందరూ సరిగ్గానే కట్టారు. ఆ 135ను మిల్లీలీటర్లలోకి మార్చేటప్పుడు మాత్రం, లెక్కలో ఇచ్చిన సీసాను పక్కన పెట్టి తమ ఇంట్లో ఉన్న సీసాను తలచుకున్నారు. 2.7 అన్నది 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్‌కు సరైన జవాబు. 1.35 అన్నది చుక్కల మందుకు సరైన జవాబు. కాగితం మీద ఇలా జరిగితే ఒక మార్కు పోతుంది. రాత్రి రెండు గంటలకు, నిద్రమత్తులో, ఏడుస్తున్న బిడ్డను భుజాన వేసుకుని చేస్తే మందు చాలకపోవచ్చు, లేదా నాలుగింతలు పడవచ్చు.

మన మందుల షాపుల్లో పిల్లల పారాసిటమాల్ ప్రధానంగా మూడు రకాలుగా దొరుకుతుంది. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. ఒక రకం సిరప్‌లో 5 మి.లీ.కి 125, అంటే 1 మి.లీ.కి 25. మరో రకం సిరప్‌లో 5 మి.లీ.కి 250, అంటే 1 మి.లీ.కి 50. చిన్న సీసాలో ఉంది, పసిపిల్లలకు ఇచ్చేది, కాబట్టి చుక్కల మందు తేలికపాటిదని చాలా ఇళ్లలో నమ్మకం. నిజానికి మూడింటిలోనూ చిక్కనిది అదే. పసిబిడ్డ ఎక్కువ మందు మింగలేదు కాబట్టి, కొద్ది చుక్కల్లోనే సరిపడా మందు పట్టేలా దాన్ని అలా తయారు చేస్తారు.

దీని వల్ల జరిగేది చూడండి. చుక్కల సీసాతో వచ్చే గొట్టం పోయింది. దొరికిన సిరప్ మూతలో 5 మి.లీ. గీత దాకా చుక్కల మందు పోసి తాగించారు. 9 కిలోల బిడ్డకు 135 మి.గ్రా. పడాల్సిన చోట 500 పడింది. ఒక్కసారితో ఆగితే చాలావరకు ప్రమాదం ఉండదు. అదే మూతతో రోజుకు నాలుగుసార్లు ఇస్తే 2,000 మి.గ్రా. అవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీసేంత మోతాదు. ఇందులో మోసం ఏమిటంటే, మొదటి రోజు బిడ్డ బాగానే కనిపిస్తుంది, ఆడుకుంటుంది కూడా. కాలేయం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజులకు గాని బయటపడదు. విరుగుడు మందు ఉంది, కానీ మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. మోతాదు మించిందని తెలిసిన క్షణమే, బిడ్డ ఎంత హుషారుగా ఉన్నా, సీసా చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. సీసా మరిచిపోవద్దు. అక్కడి డాక్టరు మొదట అడిగేది దాని గురించే.

మరికొన్ని బరువులకు కట్టి చూపిస్తాను, చేతికి అలవాటు కావాలి. 6 కిలోలకు 90 మి.గ్రా.: చుక్కల మందు 0.9, 125 సిరప్ 3.6, 250 సిరప్ 1.8 మి.లీ. 10 కిలోలకు 150 మి.గ్రా.: 1.5, 6, 3. 14 కిలోలకు 210 మి.గ్రా.: 125 సిరప్ 8.4, 250 సిరప్ 4.2. ఈ వయసుకు చుక్కల మందుతో పనే లేదు, కాబట్టి ఆ అంకె ఇవ్వడం లేదు. నేను వాడే దగ్గరి దారి ఒకటుంది: బరువును 125 సిరప్ అయితే 0.6తోనూ, 250 సిరప్ అయితే 0.3తోనూ, చుక్కల మందు అయితే 0.15తోనూ హెచ్చవేస్తాను. మీరు మాత్రం సీసా మీది అంకెను బయటికి చదివాకే ఈ దారి పట్టండి. మోతాదుకూ మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరమైతే ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికే. మీ డాక్టరు వేరే మోతాదు రాస్తే అదే పాటించండి.

ఇప్పుడు చెంచా అన్నవాళ్లకు. వంటింటి చెంచాలన్నీ ఒక కొలతకు ఉండవు. టీ కలిపే చెంచా, పంచదార డబ్బాలో చెంచా, ఉప్పులో వేసే చెంచా తీసి నీళ్లతో కొలిచి చూడండి, మీకే తెలుస్తుంది. నేను సూది లేని 5 మి.లీ. సిరంజి తప్ప మరొకటి నమ్మను. మందుల షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. గొంతులోకి చిమ్మకుండా, బుగ్గ లోపలి వైపు పెట్టి కొంచెం కొంచెంగా నొక్కాలి. ఇంట్లో పారాసిటమాల్ ఒకే రకం ఉంచాలన్నది కూడా నా పట్టుదల. బిడ్డకు ఏడాది నిండాక చుక్కల సీసాను ఇంట్లో ఉండనివ్వను.

ఇంకొకటి. జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికి ఒకటి, జలుబుకు ఒకటి ఇస్తే అదే మందు రెండుసార్లు పడినట్టు. పైగా జలుబు మందుల్లో వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టంగా చెప్పింది. దగ్గు మందుల గురించి విడిగా ఒక పాఠం ఉంటుంది.

నీళ్ల విరేచనాలు

చేతులు కడుక్కోవడం, కాచిన నీళ్లు, పాల సీసాల శుభ్రత మీకు తెలిసినవే. వాటిని వదిలేస్తున్నాను.

విరేచనాల్లో బిడ్డకు ముప్పు ఒంట్లోంచి పోయే నీటి వల్ల, దాంతోపాటు పోయే ఉప్పు వల్ల. విరేచనం ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూడడం కన్నా, పోయినదాన్ని వెంటవెంటనే తిరిగి పోయడం ముఖ్యం. పేగు గోడలో ఉప్పును, గ్లూకోజును జతగా లోపలికి తీసుకునే ఏర్పాటు ఒకటి ఉంది. విరేచనాలప్పుడు కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. ఆ రెండూ లోపలికి వెళితే నీరు వాటి వెంటే వెళుతుంది. ఓఆర్ఎస్, అంటే పొట్లంలో దొరికే ఉప్పు, గ్లూకోజు పొడిని కలిపిన నీళ్లు, ఆధారపడేది దీని మీదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగింది. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ తాగించిన వాళ్లెవరూ వైద్యం చదవలేదు. మీరూ చేయగలరు.

అయితే ఆ నీళ్లు పనిచేసేది పాళ్లు సరిగ్గా ఉంటేనే. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సవరించిన సూత్రం ప్రకారం ఒక లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరుకు. 200 మి.లీ.లో కలిపే చిన్న పొట్లాలు వేరే ఉన్నాయి. ఏది ఎంతకో పొట్లం మీదే రాసి ఉంటుంది.

నాకు బాధ కలిగించేది ఇక్కడే. లీటరు పొట్లంలో సగం గ్లాసులో వేసి, మిగతా సగం మడిచి గూట్లో పెడతారు. లేదా బిడ్డ నీరసంగా ఉంది కదా, కాస్త గట్టిగా ఉండనీ అని మొత్తం పొట్లం గ్లాసుడు నీళ్లలో కలుపుతారు. చిక్కటి పాలు బలం అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి బిడ్డకు మూర్ఛ రావచ్చు. చక్కెర ఎక్కువైతే అది పేగులోనే నిలిచి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగి విరేచనాలను పెంచుతుంది. పలచన చేస్తే ఉప్పు చాలదు. సగం పొట్లం కూడా నమ్మకం లేని కొలతే. పొడిలో నాలుగు రకాల గుళికలున్నాయి, ఏ సగంలో ఏది ఎక్కువ పడిందో ఎవరూ చెప్పలేరు. పొట్లం పూర్తిగా, చెప్పినన్ని నీళ్లలో పూర్తిగా కలపండి. రుచి కోసం పంచదార గానీ పండ్ల రసం గానీ కలపవద్దు. కలిపిన 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి. పారబోయడానికి మనసొప్పకపోతే ఆ గడువు లోపే ఇంట్లో రక్తపోటు లేని పెద్దవాళ్లు తాగేయవచ్చు.

అట్టడబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు కూడా ఈ పొరపాటుకే దారి తీస్తాయి. పేరులో ‘ఓఆర్ఎస్’ ఉన్నా, లోపల చక్కెర ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. పేరు మార్చుకుని అవే అల్మారాలో ఉండవచ్చు కాబట్టి, ముందువైపు బొమ్మ చూడకుండా వెనకవైపు చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని లేకపోతే తీసుకోవద్దు. ఆశా కార్యకర్త దగ్గర దొరికే సర్కారు పొట్లం బొమ్మలేమీ లేకపోయినా మంచిది. నేను దానికే ఓటు వేస్తాను.

ఎంత ఇవ్వాలి? రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., ఆపై పిల్లలకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి నెమ్మదిగా, రెండు నిమిషాలకోసారి ఒక 5 మి.లీ. సిరంజి. గ్లాసుతో గటగటా తాగిస్తే కక్కే బిడ్డ, ఇలా ఇస్తే చాలావరకు నిలుపుకుంటుంది.

దీనికి తోడు జింకు. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మి.గ్రా. బిళ్ల ఒకటి, రెండు నుంచి ఆరు నెలల మధ్య సగం. 14 రోజులు. విరేచనాలు నాలుగో రోజుకే ఆగినా ఆపవద్దు. తల్లిపాలు, ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు అన్నీ మామూలుగా పెట్టండి, కడుపు మాడ్చవద్దు. పెద్దలకు వాడే విరేచనాలు కట్టే బిళ్లలు పిల్లలకు ఎప్పుడూ వద్దు. పళ్లు వస్తున్నాయి కాబట్టి విరేచనాలు మామూలే అని ఊరుకోవద్దు.

ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలో వేళ్లతో నేర్చుకోండి. బొడ్డుకూ నడుము పక్కకూ మధ్య చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలుతో నిలువు మడతగా పట్టి, ఒక క్షణం ఉంచి వదలండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో అది చటుక్కున సమం అవుతుంది. మడత కాసేపు నిలిచి మెల్లగా దిగితే నీరు పోతోందని, రెండు సెకన్లు దాటి నిలిస్తే నీరు బాగా పోయిందని అర్థం. చంటిబిడ్డ మాడు లోపలికి గుంటపడిందేమో అరచేతితో తడిమి చూడండి. మాడు దిగితే ఆముదం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. పెట్టినా నష్టం లేదు, కానీ మాడు దిగడం నీరు పోయిందనడానికి గుర్తు, బిడ్డను వెంటనే చూపించాలి. కళ్లు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మగతగా ఉండి తాగలేకపోవడం, విరేచనంలో రక్తం, ఆకుపచ్చ వాంతి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోను చేయండి, దారిలోనూ ఓఆర్ఎస్ తాగగలిగినంత తాగించండి. రెండు నెలల లోపు బిడ్డ అయితే ఏ గుర్తూ కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అభ్యాసం

ఈసారి కాగితం మీద కుదరదు, చేసి పంపాలి. బిడ్డను ఎత్తుకుని బరువు చూసుకోండి, దింపి మళ్లీ చూసుకోండి. తేడాయే బిడ్డ బరువు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ సీసాలు, జలుబు మందులు అన్నీ బల్ల మీద పెట్టి, ప్రతిదాని మీద 1 మి.లీ.కి ఎంత మందో రాయండి. మీ బిడ్డ మోతాదును మిల్లీలీటర్లలో కట్టి, తేదీతో సహా సీసాకు అతికించండి. బరువు పెరుగుతుంది కాబట్టి మూడు నెలలకోసారి ఆ చీటీ మార్చాలి.

తర్వాత లీటరు మంచినీళ్ల సీసాతో కొలిచి ఒక పొట్లం కలపండి, రుచి చూడండి. కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే కొలత తప్పింది. ఆ నీళ్లను సిరంజితో రెండు నిమిషాలకోసారి 5 మి.లీ. చొప్పున గడియారం చూస్తూ గంటసేపు ఖాళీ గిన్నెలోకి వదలండి. 150 మి.లీ. చేరాలి. నిద్రపోయే బిడ్డను ఒళ్లో పెట్టుకుని చేస్తే ఇంకా మంచిది, చేయి ఎక్కడ నొప్పి పుడుతుందో, సిరంజి ఎవరు నింపి ఇవ్వాలో తెలుస్తుంది. ఇంట్లో ఇంకొకరికి, వీలైతే అమ్మమ్మకో తాతయ్యకో, అదే నేర్పండి. వాళ్లు చేసినప్పుడు గిన్నెలో కొలత ఎంత వచ్చిందో నాకు రాయండి. మీ కొలత అవసరం లేదు.