ఆప్ట్ మొరాయిస్తే: ‘వై’ నొక్కే ముందు ఆ జాబితా చదవండి

మా అక్క డీటీపీ షాపులో ఉబుంటు 24.04 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటరు ఉంది. అందులో ప్రోగ్రాములను ఎక్కించి, తీసేసే సాధనం పేరు ఆప్ట్. స్కానర్ కోసం ఎక్కడో దొరికిన డెబ్ ఫైలు (ఉబుంటులో ఎక్కించే ప్రోగ్రాం ప్యాకేజీ) దింపి, ‘డీపీకేజీ -ఐ’తో ఎక్కించింది. అప్పటినుంచి ఒక్క ఫాంటు ఇన్‌స్టాల్ చేద్దామన్నా ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ (కావలసిన వేరే ప్యాకేజీలు లేవు) అనే ఎర్రర్. "పెళ్లికార్డుల ఆర్డరు ఉందిరా, ఫార్మాట్ కొట్టించెయ్యనా?" అని టెన్షన్‌గా ఫోన్ చేసింది. వద్దక్కా, నేనొస్తున్నా అన్నాను.

కింది కమాండ్లు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ముందు ‘సుడో’ ఉంటే అది అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. మొదట ‘డీఎఫ్ -హెచ్’ కొట్టి డిస్కు నిండిపోలేదని చూసుకోండి. తర్వాత ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి ఆగిన పని చాలాసార్లు దీంతోనే పూర్తవుతుంది. లాక్ ఉందంటే (మరో ప్రోగ్రాం ఆ పనిలో ఉందన్న గుర్తు) ఆ లాక్ ఫైలును చెరిపేయకండి. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుండొచ్చు, పది నిమిషాలు ఆగండి.

అక్క దగ్గర ఆ కమాండ్ స్కానర్ డ్రైవర్ పేరు చెప్పి ఆగిపోయింది. దానికి లిబ్‌టిఫ్5 కావాలట. అది ఉబుంటు పాత విడుదల 22.04లో ఉండే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్), 24.04లో వచ్చేది లిబ్‌టిఫ్6. ‘డీపీకేజీ -ఐ’ కావలసిన లైబ్రరీలను తెచ్చిపెట్టదు. ఫైళ్లు విప్పేసి, ప్యాకేజీని సగంలో వదిలేస్తుంది. ఆ సగం పని తేలేదాకా ఆప్ట్ ఇంకేదీ ఎక్కించనివ్వదు.

ఇప్పుడు ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. వై/ఎన్ (అవును/కాదు) అని అడిగినప్పుడు, జవాబిచ్చే ముందు ‘రిమూవ్’ (తీసేసేవి) కింద ఏ పేర్లున్నాయో ఒక్కొక్కటీ చదవండి. అక్కకు వచ్చింది ఒక్క డ్రైవర్ పేరే, కాబట్టి ‘వై’ నొక్కాను. అదే జాబితాలో ఉబుంటు-డెస్క్‌టాప్, గ్నోమ్-షెల్ లాంటి డెస్క్‌టాప్‌ను నడిపేవి కనిపిస్తే ‘ఎన్’ కొట్టేయండి. అక్కడ తగువు పెడుతున్నది వేరే ఏదో ప్యాకేజీ అన్నమాట, ఎక్కువగా బయటినుంచి కలిపిన పీపీఏది (ఉబుంటుది కాని, వేరేవాళ్ల ప్యాకేజీల నిల్వ). ‘ఆప్ట్-క్యాష్ పాలసీ’ పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే ఏ వెర్షన్ ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ కూడా చూడండి. ఎప్పుడో మనమే హోల్డ్‌లో పెట్టి (వెర్షన్ మారకుండా ఆపి) మరిచిపోయినవి అందులో బయటపడతాయి.

లిబ్‌టిఫ్5 కోసం 22.04 రిపాజిటరీని (ప్యాకేజీల నిల్వను) ఆప్ట్ సోర్సుల్లో కలపమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈరోజు స్కానర్ నడవొచ్చు, కానీ రెండు విడుదలల లైబ్రరీలు కలిసిపోతే తర్వాతి అప్‌గ్రేడ్‌లో చిక్కు విప్పడం చాలా కష్టం.

అంతా అయ్యాక ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ‘సుడో ఆప్ట్-గెట్ చెక్’ కొట్టాను, ఎర్రర్ రాలేదు. 24.04 కోసం చేసిన డ్రైవర్ వెతికి, ఈసారి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ తర్వాత చుక్క, స్లాష్, ఫైలు పేరు ఇచ్చి ఎక్కించాను. ఇలా చేస్తే కావలసినవన్నీ ఆప్ట్ ముందే చూసుకుంటుంది, దొరక్కపోతే ప్యాకేజీని ముట్టుకోకుండానే ఆగిపోతుంది. సాయంత్రానికి పెళ్లికార్డు ఫొటోలు స్కాన్ అయ్యాయి.