ఆస్కార్ పడుకుంది, ఫ్లవర్‌హార్న్ తినట్లేదు: లోపం ఎక్కడుంది?

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ రెండూ ఇళ్లలో అక్వేరియం ట్యాంకుల్లో పెంచే, సిక్లిడ్ కుటుంబానికి చెందిన పెద్ద చేపలు. రెండు అంగుళాల ఆస్కార్ పిల్లను అమ్మేటప్పుడు షాపులో తరచూ వినిపించే మాట: “ట్యాంకు ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది సార్.” అది నిజం కాదు. బాగా మేపితే ఏడాది తిరిగేసరికి అది పది అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. రెండడుగుల ట్యాంకులో పట్టేది 55 లీటర్ల నీళ్లు. ఒక్క ఆస్కార్‌కే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు కావాలి, అంటే 250 లీటర్లు. కింది ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే.

తోటి చేపల్ని చంపుతోంది

నోట్లో పట్టే చేపను మింగితే అది కొట్లాట కాదు, భోజనం. గప్పీలు, టెట్రాల్లాంటి చిన్న చేపల్ని దాని పక్కన పెట్టకండి. తన సైజు చేపనే తరుముతుంటే చోటు చాలడం లేదన్నమాట. రాళ్లు, దుంగలు అటూఇటూ మార్చి, లైటు ఆర్పి కొత్త చేపను వదిలితే పాత హద్దులు పోయి కొంత సర్దుకుంటాయి. ఒక చేపల జత చదునైన రాయిని నోటితో శుభ్రం చేస్తుంటే గుడ్లు పెట్టబోతున్నట్టే. మిగతావాటిని డివైడర్ (ట్యాంకు మధ్యలో పెట్టే అడ్డు పలక) అవతలికి మార్చాలి. ఫ్లవర్‌హార్న్‌తో మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు, ఒంటరిగానే పెంచండి. పాపం తోడు లేదని ఇంకొకటి తెస్తే చివరికి మిగిలేది ఒకటే.

తల మీద గుంటలు

ముందు సూది మొనంత చుక్కల్లా వస్తాయి, తర్వాత లోతవుతాయి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేట్ నీళ్లలో పేరుకోవడం, ఏళ్ల తరబడి ఒకే మేత, పేగుల్లోని హెక్సామిటా లాంటి పరాన్నజీవులు, ఈ మూడూ కలిసే చోట ఇది ఎక్కువ. మందు కంటే ముందు టెస్ట్ కిట్ కొనండి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటితే రెండు రోజులకోసారి మూడో వంతు నీళ్లు మార్చి కిందికి దించాలి. మంచి పెల్లెట్లతో పాటు వానపాములు, రొయ్యలు మార్చి మార్చి వేయండి. మేతకని బతికున్న గోల్డ్‌ఫిష్ వేయడం చూడ్డానికి సరదాగా ఉంటుందేమో కానీ, రోగాలను చేతులారా తెచ్చుకోవడమే. అప్పటికీ తగ్గకపోతే పరాన్నజీవుల్ని చంపే మెట్రోనిడజోల్ మందు మేతలో కలపాలి. తినడం మానేస్తే 40 లీటర్లకు 250 మిల్లీగ్రాముల లెక్కన నీళ్లలో వేసి, ఫిల్టర్‌లో మందును పీల్చేసే కార్బన్ తీసేయాలి. మొదట్లోనే పట్టుకుంటే గుంటలు పూడతాయి, ముదిరితే మచ్చ ఉండిపోతుంది.

అడుగున పక్కకు ఒరిగి పడుకుంది

రాళ్లు సర్దిన రోజో, ట్యాంకు మార్చిన రోజో అయితే అది అలక. ఆస్కార్‌కు మామూలే, వదిలేయండి. మొప్పలు వేగంగా కొట్టుకుంటుంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే. నీళ్లలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) పరీక్షించి, వెంటనే సగం నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ తప్పనిసరి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి అమ్మోనియా పెరుగుతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మేత ముట్టదు, తెల్లటి దారంలా విసర్జన

ఫ్లవర్‌హార్న్‌లో ఎక్కువ. పేగుల్లో పరాన్నజీవులు ఉండొచ్చు. రెండు మూడు రోజులు మేత ఆపి, వేడిని మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, పైన చెప్పిన మెట్రోనిడజోలే వాడాలి. పొట్ట ఉబ్బితే 40 లీటర్లకు ఒక టేబుల్ స్పూన్ ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కరిగించి వేయండి.

ఫ్లవర్‌హార్న్ నుదుటి బుడిపె తగ్గింది

ఒత్తిడి, మురికి నీళ్లు చూసుకోండి. అసలు బుడిపె సైజు చాలావరకు వంశాన్ని బట్టి వచ్చేది. తల పెంచుతామనే మేతల మీద డబ్బులు తగలేయొద్దు.

హీటర్ పగలగొట్టింది

పెద్ద సిక్లిడ్‌లకు ఇది ఆటే. హీటర్‌కు ప్లాస్టిక్ గార్డు తొడగండి, లేదంటే సంప్‌లోకి (ట్యాంకుకు కలిపి ఉండే ఫిల్టర్ తొట్టిలోకి) మార్చండి. ట్యాంకులో చేయి పెట్టే ముందు ప్లగ్ తీయడం మరవొద్దు.