ఒక్కరోజు ప్రయాణం, 3వ పాఠం: పులికాట్‌కి గంటల లెక్క వెనక నుంచి

పోయిన పాఠంలో ఊరూ, నెలా తేల్చుకున్నాం. బయల్దేరేది చెన్నై నుంచి, వెళ్లేది సూళ్లూరుపేట వైపు నుంచి పులికాట్ సరస్సుకి, నెల జనవరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి సరస్సు నిండుతుంది. ఫ్లెమింగోలు నీళ్లలో నిలబడి, ముక్కు తలకిందులుగా ముంచి మేసే పక్షులు. నీళ్లు మరీ ఎక్కువున్నప్పుడు వాటికి కాళ్లూనే చోటు దొరకదు. వానలు వెనకబట్టి నీళ్లు కాస్త తీశాక వెళ్లడం మేలు.

మీకిచ్చిన ఇంటిపని, చూడాలనుకున్నదేమిటో ఒక్క వాక్యంలో రాసుకోవడం. ‘సరస్సు చూడాలి’ అని రాసినవాళ్లు కొట్టేసి మళ్లీ రాయండి. ‘సాయంత్రపు ఎండలో శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి ఫ్లెమింగోల గుంపు చూడాలి’ అని రాస్తే దాంట్లో వేళ ఉంది, చోటు ఉంది. ఈ పాఠానికి అలాంటి వాక్యమే కావాలి.

మామూలుగా మనం వేసుకునే ప్లాను ఇలా ఉంటుంది: ‘ఆరింటికి బయల్దేరదాం, దారిలో టిఫిను చేద్దాం, తర్వాత చూద్దాం.’ రోజు చెడేది ఆ ‘తర్వాత చూద్దాం’ దగ్గరే. ఆరన్నారంటే కారు కదిలేసరికి ఏడవుతుంది. రెడ్‌హిల్స్ దాటి, గుమ్మిడిపూండి మీదుగా తడలో రాష్ట్రం మారి, టిఫిన్లూ టీలూ అయ్యి, సరస్సు ఒడ్డుకి చేరేసరికి పదకొండు. అప్పటికి ఎండ నడినెత్తికొస్తోంది, నీళ్లు అద్దంలా కళ్లలోకి కొడుతుంటాయి, పక్షులు దూరాన వేడిగాలిలో వణికే తెల్లచుక్కలు. ‘ఇంతేనా?’ అని పిల్లలు అడుగుతారు. వాళ్ల తప్పేం లేదు.

అందుకని లెక్క ఇంటి దగ్గర మొదలుపెట్టకండి, సరస్సు దగ్గర మొదలుపెట్టండి. ముందు అక్కడి కదలని గంట ఏదో తేల్చుకుని, దానికి వెనక్కి నడవాలి.

ఇక్కడ కాస్త ఆగి ఆ రోడ్డు సంగతి చూద్దాం. సూళ్లూరుపేట సరస్సుకి పడమట ఉంది, శ్రీహరికోట తూర్పున. మధ్యలో దాదాపు 18 కి.మీ. రోడ్డు, అందులో చాలా భాగం సరస్సు నడుమ నుంచే పోతుంది. అంటే రోడ్డు పడమర నుంచి తూర్పుకి, నీళ్లు ఉత్తరాన, దక్షిణాన. జనవరిలో సూర్యుడు రోజంతా ఆకాశంలో దక్షిణపు వైపే ఉంటాడు. కాబట్టి రోడ్డు మీద నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఎండ మీ వీపు మీద పడుతుంది, పక్షుల రంగు తెలుస్తుంది, రెక్క విప్పినప్పుడు లోపలి ఎరుపూ, దాని అంచు నలుపూ కనిపిస్తాయి. దక్షిణం వైపు చూస్తే అదే పక్షి నల్లటి నీడ. శ్రీహరికోట వైపు వెళ్తుంటే ఉత్తరం మీ ఎడమచేతి పక్క. కారులో ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చోవాలన్నది కూడా ప్లానులో భాగమే, నవ్వకండి.

పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర ఒక మంచి వేళ, సాయంత్రం నాలుగు నుంచి పొద్దుగూకేదాకా ఇంకొకటి. రెండూ కావాలనుకుంటే రాత్రి అక్కడ ఉండాలి, అది ఒక్కరోజు ప్రయాణం కాదు.

పొద్దుటి లెక్క వేసి చూడండి. ఏడింటికి రోడ్డు మీద ఉండాలంటే 6:40కి సూళ్లూరుపేట వదలాలి. అక్కడ టీకీ, బాత్‌రూమ్‌కీ ఇరవై నిమిషాలు, అంటే చేరాల్సింది 6:20కి. చెన్నై నుంచి రెండు గంటలు వేసుకుంటే బయల్దేరేది 4:20. లేవడం మూడుంబావుకి. ఇద్దరు స్నేహితులైతే సరే. అమ్మమ్మా, ఆరేళ్ల పిల్లాడూ ఉన్న కారుకి ఇది కుదరదు, కుదురుతుందని మనల్ని మనం నమ్మించుకోకూడదు.

కాబట్టి కుటుంబానికి సాయంత్రమే. నేలపట్టు పక్షుల కేంద్రాన్ని కూడా కలుపుకుని చివరి గంట నుంచి మొదటి గంటకి రాస్తున్నాను, మీరూ అలాగే రాయండి:

సాయంత్రం 4:00 – శ్రీహరికోట రోడ్డు మీద. ఇది కదలదు.
3:40 – సూళ్లూరుపేట దాటాలి.
3:10 – నేలపట్టు వదలాలి.
1:45 – నేలపట్టు చేరాలి.
1:15 – సూళ్లూరుపేటలో భోజనం ముగించి లేవాలి.
12:15 – భోజనానికి కూర్చోవాలి.
10:00 – చెన్నైలో కారు కదలాలి.

ఇప్పుడు చూడండి, ఇల్లు వదిలేది పదింటికి. పొద్దున్నే లేచి ఉరుకులు పెట్టాల్సిన పనే లేదు. ముందు నుంచి లెక్క వేస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

నేలపట్టుని ఆ పట్టికలో ఊరికే ఇరికించలేదు. దొరవారిసత్రం దగ్గరుండే పక్షుల కేంద్రమిది. చెరువు నీళ్లలో నిలబడ్డ నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, పులికాట్‌లో మేసి వచ్చి పిల్లల్ని ఇక్కడ సాకుతాయి. పక్కనే నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. గూళ్ల దగ్గర మధ్యాహ్నమైనా సందడి ఆగదు, అందుకే ఎండవేళకి సరిపోతుంది. ఇంకో ఉపయోగం ఉంది. దానికి ఎనభై అయిదు నిమిషాలిచ్చాం కదా, నలభైతోనైనా సరిపెట్టుకోవచ్చు. దారిలో ట్రాఫిక్ ఆపినా, హోటల్లో భోజనం ఆలస్యమైనా ఆ నష్టాన్ని ఇక్కడ పూడ్చుకోవాలి. ప్రతి ప్లానులోనూ ఇలా సాగే గంట ఒకటి ఉండాలి, అది కదలని గంటకి ముందే ఉండాలి. ప్రతి మజిలీకీ పదేసి నిమిషాలు కలుపుకుంటూ పోయేవాళ్లుంటారు. ఆ పదేసీ అక్కడికక్కడే ఖర్చయిపోతాయి, అవసరానికి ఒక్కటీ మిగలదు.

దారిలో ఇంకో రెండు ఊరిస్తాయి. తడ దగ్గర ఉబ్బలమడుగు జలపాతం, భీములవారిపాలెంలో పడవ షికారు. జలపాతానికి అడవిలో నడవాలి, అది విడిగా ఒక రోజు పని. పడవ మాత్రం నేలపట్టుకి బదులుగా పెట్టుకోవచ్చు, దానికి తోడుగా కాదు. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి పావుగంట కావాలంటే భోజనం గంటలోంచి తీసుకోండి.

రైల్లో వెళ్లేవాళ్లకి కదలని గంటలు రెండు: సాయంత్రపు వెలుగు ఒకటి, తిరుగు రైలు రెండోది. చెన్నై నుంచి ఆ దారిన పోయే లోకల్ రైళ్లు చాలావాటికి గుమ్మిడిపూండే ఆఖరు. సూళ్లూరుపేట దాకా వచ్చేవి కొన్నే. అందుకని ముందు రాసుకోవాల్సింది తిరుగు రైలు వేళ, వెళ్లే రైలు తర్వాత. స్టేషన్ బయట ఆటో మాట్లాడేటప్పుడు రానూపోనూ, అక్కడ ఆగే గంటన్నరతో సహా కలిపి అడగండి. సరస్సు మధ్యలో ఖాళీ ఆటో దొరుకుతుందని ఆశపెట్టుకోవద్దు. చెన్నైలో ట్యాక్సీ మాట్లాడేవాళ్లు ఆంధ్రా పర్మిట్ ఖర్చు బాడుగలో ఉందో లేదో ముందే తేల్చుకోవాలి, తడ దగ్గర కాదు.

తేదీ ఖాయం చేసే ముందు ఇస్రో ప్రయోగాల ప్రకటన చూడండి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున ఈ రోడ్డు మీద తనిఖీలూ, రద్దీ ఉంటాయి. ఆ రోజే వెళ్లాలనుకుంటే రాకెట్ వేళనే కదలని గంట చేసుకుని పట్టిక మొత్తం మళ్లీ రాయాలి. మామూలు రోజుల్లో కూడా రోడ్డు చివర షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) గేటు దాకానే పోగలం, పాస్ లేకుండా లోపలికి పంపరు. పనిరోజు సాయంత్రాల్లో షార్ ఉద్యోగుల బస్సులు తిరుగుతాయి, కారు రోడ్డు వారగా బాగా పక్కకి ఆపండి. టైర్లు మాత్రం తారు దిగి బురదలోకి పోనివ్వకండి. పైన ఎండి పగుళ్లిచ్చినట్టు కనిపించే చోట కూడా అడుగున మెత్తగానే ఉంటుంది.

జనవరి మొదట్లో అక్కడ పొద్దు ఆరింటికి కాస్త ముందే గూకుతుంది. వెలుగు పోయాక రోడ్డు మీద చేసేదేం లేదు. ఆరుంబావుకల్లా సూళ్లూరుపేటలో టీ తాగితే తొమ్మిది లోపల చెన్నై చేరతారు. ఆదివారమైతే రెడ్‌హిల్స్ దగ్గర ఇంకో అరగంట వేసుకోండి.

ఈ వారం పని: ఇదే ప్రయాణాన్ని నెల్లూరు నుంచి రాయండి. ఒక చిక్కు ఉంది. నెల్లూరు నుంచి హైవే మీద దిగి వస్తుంటే నేలపట్టు ముందొస్తుంది, సూళ్లూరుపేట తర్వాత. అప్పుడు భోజనం ఎక్కడ, ఎన్నింటికి? సాగే గంట ఏది? సాయంత్రం నాలుగింటిని మాత్రం ముట్టుకోకుండా, చివరి గంట నుంచి మొదటి గంటకి రాసుకు రండి. జవాబు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం, ఆ తర్వాత తిండి, నీళ్లు, ఖర్చు లెక్కలు.