పాప మరీ బుద్ధిగా ఉంటోందా? ఇలా చూసుకోండి

"అసలు ఏడవదండీ, ఎక్కడ పడుకోబెడితే అక్కడే!" అని మురిసిపోయే తల్లుల్ని ఇళ్ల చుట్టూ తిరిగే నా పనిలో రోజూ చూస్తాను. చాలాసార్లు ఆ పిల్లలు నిజంగానే నెమ్మదస్తులు. కొందరు మాత్రం మనుషుల మీద ధ్యాస లేకుండా ముడుచుకుపోయినవాళ్లు. ఆ తేడా పట్టుకోవడానికే ఈ చిన్న పరీక్ష. రెండు నెలలు దాటిన దగ్గర్నుంచి రెండేళ్లలోపు పిల్లలకు పనికొస్తుంది.

సామాను ఏమీ అక్కర్లేదు. కడుపు నిండి, నిద్ర తీరి, జ్వరం లేని పాప ఉంటే చాలు. టీవీ కట్టేయండి. ఉదయం పూటే చూడాలి, సాయంత్రం చిరాకులో చూడటం దండగ. తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, మూరెడు దూరంలో మీ ముఖం పెట్టి, పేరుతో పిలిచి ఊసులాడండి.

ఇక ఆగండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండు సెకన్లు కాకముందే చిటికెలు, గిలక్కాయ, చివరికి ఫోన్! గిలక్కాయకు తల తిప్పితే పాపకు శబ్దం వినిపించిందని తెలుస్తుంది, అంతే. మనిషి కావాలో లేదో తెలియదు. అందుకే మనసులో పది లెక్కపెట్టండి. నవ్వు ముఖంతోనే ఉండండి, బిగుసుకుపోవద్దు. పాప చూపు పక్కకు తిప్పుకుంటే కంగారుపడకండి, కాసేపటికి మళ్లీ మీ వైపు వస్తుంది. ఎంతకీ రాకపోతేనే ఆలోచించాలి. మళ్లీ పిలవండి, మళ్లీ ఆగండి.

ఓ ఎనిమిది నెలల బాబు నన్ను దాటుకుని ఫ్యాన్ వైపే చూస్తున్నాడు. అమ్మమ్మ చిటికె వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మూడోసారి పిలిచాక కనుబొమలు కాస్త లేచాయి, పెదవి కదిలింది. మళ్లీ ఫ్యానే. చిటికె వేసి ఉంటే ఆ చిన్న కదలిక కూడా దాని ఖాతాలోకే పోయేది.

ముఖంలో కదలిక, కళ్లు కలపడం, గొంతు విప్పడం, కాళ్లూచేతుల ఊపు గమనించండి. పసిపిల్లలు ఇలా ముడుచుకుపోవడాన్ని కొలవడానికి ఫ్రెంచి డాక్టర్ ఆంట్వాన్ గెడెనే 2001లో ఇచ్చిన కొలమానంలో ఇలాంటివి 8 ఉన్నాయి. మార్కులు వేయడం శిక్షణ ఉన్నవాళ్ల పని, మీరు వేయకండి.

రెండు వారాలాగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది" అనే మాట వినకండి. ఫ్రాన్స్‌లో ఏడాది వయసులో ఇలా ఉన్న పిల్లల్ని గమనిస్తూ వస్తే, 3, 5 ఏళ్లకు ప్రవర్తన చిక్కులు వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. అలాగని ఆటిజం అని మీరే తేల్చేయొద్దు. వినికిడి, చూపు, రక్తహీనత, తల్లి దిగులు, ఏదైనా కారణం కావచ్చు. పిల్లల డాక్టరుకో, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలోనో (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందుగానే పట్టుకునే ప్రభుత్వ కేంద్రం) చూపించండి. వెళ్లేముందు మీరు పిలిచినప్పుడు పాప ఎలా ఉందో రెండు నిమిషాలు వీడియో తీసుకోండి. పిల్లల దగ్గర ఫోన్‌కు నేను ఒప్పుకునేది ఈ ఒక్క పనికే.