సెర్చ్ యాడ్స్ నేర్చుకుందాం – 4వ పాఠం: సెర్చ్ టర్మ్స్ రిపోర్టు, నెగటివ్ కీవర్డ్స్

మూడో పాఠంలో కన్వర్షన్ ట్రాకింగ్, అంటే ఏ క్లిక్కు అమ్మకంగా (కన్వర్షన్‌గా) మారిందో లెక్కపెట్టే ఏర్పాటు, పెట్టుకున్నాం. అది సరిగ్గా పనిచేస్తోందని తేల్చుకున్నాకే ఈ పాఠంలోకి రండి. ఏ క్లిక్కు అమ్మకంగా మారిందో తెలియనప్పుడు ఇక్కడ చెప్పే లెక్కలేవీ నిలవవు.

కీవర్డ్ వేరు, సెర్చ్ టర్మ్ వేరు. గూగుల్ యాడ్స్ అకౌంట్‌లో మనం రాసుకునేది కీవర్డ్. వెతికే మనిషి టైప్ చేసేది సెర్చ్ టర్మ్. డబ్బు ఖర్చయ్యేది ఈ రెండోదాని మీద. ఆన్‌లైన్‌లో గిటార్ నేర్పే సంస్థ ఒకటి యాడ్స్ నడుపుతోందనుకుందాం. వాళ్లు ‘గిటార్ కోర్సు’ అని ఒక్క కీవర్డ్ పెడితే, ‘గిటార్ టీచర్ ఉద్యోగాలు’ అని వెతికినవాళ్లకు కూడా యాడ్ కనబడొచ్చు. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లు కోర్సు కొనరు, క్లిక్కు బిల్లు మాత్రం పడుతుంది.

అలా ఎందుకు జరుగుతుందంటే, గుర్తులేమీ లేకుండా రాసిన కీవర్డ్‌ను గూగుల్ బ్రాడ్ మ్యాచ్‌గా తీసుకుంటుంది, అంటే దానికి సంబంధం ఉందనిపించే సెర్చ్ టర్మ్స్‌కూ యాడ్ చూపిస్తుంది. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్ (కీవర్డ్ అర్థం ఇమిడి ఉన్న సెర్చ్ టర్మ్స్‌కే), చదరపు బ్రాకెట్లలో రాస్తే అన్నిటికన్నా బిగువైన ఎగ్జాక్ట్ మ్యాచ్. పేరు ఎగ్జాక్ట్ అయినా ఇప్పుడది అక్షరాలా ఎగ్జాక్ట్ కాదు. 2018 నుంచి అదే అర్థం వచ్చే వేరే మాటలకూ యాడ్ చూపిస్తోంది. మాటల ముందు ప్లస్ గుర్తు పెట్టమని చెప్పే పాత పాఠాలు ఎక్కడైనా కనబడితే పక్కన పెట్టేయండి, ఆ పద్ధతి 2021లోనే పోయింది. కాబట్టి ఏ మ్యాచ్ టైప్ వాడినా రిపోర్టు చదవక తప్పదు.

క్యాంపెయిన్స్ మెనూలో ఇన్‌సైట్స్ అండ్ రిపోర్ట్స్ కింద సెర్చ్ టర్మ్స్ ఉంటుంది. తేదీల్లో 30 రోజులు తీసుకోండి, కానీ చివరి వారాన్ని వదిలేయండి. గూగుల్ కన్వర్షన్‌ను అమ్మకం జరిగిన రోజున కాక, క్లిక్కు పడిన రోజున లెక్కవేస్తుంది. చూసిన నాలుగైదు రోజులకు కొనే సరుకైతే, ఈ వారం క్లిక్కులన్నీ ఇప్పటికి దండగలాగే కనబడతాయి. తర్వాత ఖర్చు ఎక్కువున్న వరుస పైకి వచ్చేలా అమర్చుకుని, పైనుంచి కిందికి చదవండి. అన్ని సెర్చ్ టర్మ్స్ ఇందులో కనబడవు. 2020 సెప్టెంబరు నుంచి మరీ తక్కువమంది వెతికినవాటిని గూగుల్ చూపించడం మానేసింది. అందుకే కనబడే వరుసల ఖర్చు మొత్తం క్యాంపెయిన్ ఖర్చుకన్నా తక్కువ వస్తుంది.

ఇప్పుడు అసలు పని. ప్రతి వరుస దగ్గరా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ మాట వెతికిన మనిషికి కావలసింది మన దగ్గర ఉందా? ‘గిటార్ రిపేర్’కు లేదు. దానికి ఒక్క క్లిక్కే పడినా, అసలు పడకపోయినా ఇప్పుడే ఆపేయాలి. ‘పెద్దవాళ్లకు గిటార్ క్లాసులు’ అని ఉంటే? కావలసింది మన దగ్గరే ఉంది, కన్వర్షన్ మాత్రం రాలేదు. అప్పుడు అంకెలు మాట్లాడాలి, ఎక్కువమంది తప్పు చేసేది కూడా ఇక్కడే. పది క్లిక్కులకు అమ్మకం రాలేదని ఆపేస్తారు.

మీ క్యాంపెయిన్‌లో సగటున 100 క్లిక్కులకు 2 అమ్మకాలు వస్తున్నాయనుకోండి. అంతే బాగా పనిచేసే సెర్చ్ టర్మ్‌కైనా మొదటి 10 క్లిక్కుల్లో ఒక్క అమ్మకమూ రాకపోవడానికి 82 శాతం అవకాశం ఉంది. 50 క్లిక్కులకు 36 శాతం, 150 క్లిక్కులకు వచ్చేసరికి 5 శాతం. అంటే 150 దాకా ఓపిక పట్టాలి. మీ సగటు వేరైతే 3ను ఆ సగటుతో భాగించండి: 100కు 5 వస్తుంటే 3ను 0.05తో భాగిస్తే 60 క్లిక్కులు. అంతవరకు డబ్బు పెట్టలేనంటే బిడ్ (ఒక్క క్లిక్కుకు మీరు ఇస్తామనే ధర) తగ్గించండి. మంచి సెర్చ్ టర్మ్‌ను తొందరపడి ఆపేస్తే పోయిన అమ్మకాలు ఏ రిపోర్టులోనూ కనబడవు. తప్పు జరిగిందని కూడా తెలియకపోవడమే ఇందులో ప్రమాదం.

ఏ మాట వెతికితే మన యాడ్ కనబడకూడదో గూగుల్‌కు చెప్పేది నెగటివ్ కీవర్డ్. ఈ ఆపే పద్ధతిలో ఒక మెలిక ఉంది. రిపోర్టులోనే టిక్ పెట్టి నెగటివ్ కీవర్డ్‌గా చేర్చితే, అది ఎగ్జాక్ట్‌గా, బ్రాకెట్లతో చేరుతుంది. ‘ఫ్రీ గిటార్ కోర్సు పీడీఎఫ్’ అని అలా చేర్చితే ఆ ఒక్క వాక్యమే ఆగుతుంది, ‘గిటార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్’ మళ్లీ వస్తుంది. బ్రాకెట్లు తీసేసి, అందులోని అసలు దోషి మాట ‘పీడీఎఫ్’ ఒక్కటే ఉంచండి. ఇలా గుర్తుల్లేకుండా రాసేది నెగటివ్ బ్రాడ్. అందులో రెండు మాటలు రాస్తే, సెర్చ్ టర్మ్‌లో ఆ రెండూ ఉన్నప్పుడే ఆగుతుంది, ఏది ముందున్నా సరే. ఒక్కటే ఉంటే ఆగదు. ఫ్రేజ్‌లో రాస్తే ఆ వరుసలోనే ఉండాలి.

మామూలు కీవర్డ్‌లాగా నెగటివ్ కీవర్డ్ అర్థాన్ని పట్టుకోదు. ‘ఫ్రీ’ అని రాస్తే ‘ఉచితం’ ఆగదు, ‘ఉద్యోగం’ రాస్తే ‘ఉద్యోగాలు’ ఆగదు. తెలుగులో ఇది మరింత చిక్కు, విభక్తి చేరితే మాట రూపమే మారిపోతుంది కదా. ఏకవచనం, బహువచనం, విభక్తి రూపాలు, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవి అన్నీ విడివిడిగా రాయాలి. ‘ఫ్రీ’ రాసేముందు మీరు ఫ్రీ డెమో క్లాసు ఇస్తున్నారేమో చూసుకోండి. ఇస్తుంటే ‘ఫ్రీ డెమో’ అని వెతికేవాళ్లు కూడా బయటే ఆగిపోతారు.

అన్ని క్యాంపెయిన్లకూ పనికొచ్చే నెగటివ్‌లను ఒక లిస్టులో పెట్టుకోవచ్చు, ఒక్కో లిస్టులో 5,000 వరకు పడతాయి. లిస్టు తయారుచేస్తే సరిపోదు, దాన్ని ప్రతి క్యాంపెయిన్‌కూ తగిలించాలి. కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టినప్పుడు మరిచిపోయేది ఇదే.

కొత్త క్యాంపెయిన్ అయితే మొదటి రెండు వారాలు రెండు మూడు రోజులకోసారి, ఆ తర్వాత వారానికోసారి రిపోర్టు చూడండి. ఐదో పాఠం బిడ్డింగ్ గురించి. దానికి ముందు మీ రిపోర్టులో ఖర్చు ఎక్కువున్న 50 వరుసలు తీసుకుని, ఒక్కోదాని పక్కన ‘ఆపాలి’, ‘ఉంచాలి’, ‘ఇంకా క్లిక్కులు కావాలి’ అని రాయండి. మూడో రకం వాటికి ఎన్ని క్లిక్కులు కావాలో కూడా లెక్కకట్టి పెట్టుకోండి, బిడ్ ఎంత పెట్టాలో ఆ అంకెతోనే తేలుస్తాం.