దుబాయ్ నుంచి బాడీని ఊరికి పంపాలంటే

మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ వచ్చి 18 ఏళ్లయింది. ఇప్పటికి ఐదుగురి పెట్టెలు ఊరికి పంపే పనిలో తిరిగాను. మొదటిసారి ఏ కాగితం ఎక్కడిస్తారో తెలియక మూడు రోజులు ఊరికే పోయాయి.

లేబర్ క్యాంపులో (పనివాళ్లు ఉండే చోట) ఎవరైనా చనిపోతే ముందు పోలీసులకు చెప్పండి. బాడీని కదపొద్దు. రూములో ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఫొటో పెట్టేస్తారు, వాళ్లను ఆపండి. ఒకాయన భార్యకు కబురు అలాగే తెలిసింది. బావమరిదో, పెదనాన్న కొడుకో, కాస్త గుండె నిబ్బరం ఉన్నవాడికి మాత్రం ఫోన్ చేయండి. ఇంటి నుంచి కాగితాలు పంపాల్సిందీ అతనే.

ఆస్పత్రి కాగితం, పోలీసుల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాక డెత్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కౌంటర్ దగ్గరే పేరును పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన ఇంటిపేర్లు ముందుకీ వెనక్కీ మారిపోతుంటాయి, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. ఆ తర్వాత ఇండియన్ కాన్సులేట్‌లో మరణం నమోదు చేసి, పాస్‌పోర్టు క్యాన్సిల్ చేసి, ఎన్‌ఓసీ ఇస్తారు. ఇక దుబాయ్‌లోనే ఉన్న సోనాపూర్‌లో ఎంబామింగ్ (బాడీ పాడవకుండా మందు ఎక్కించడం), విమానంలో కార్గో బుకింగ్ మిగులుతాయి.

ఖర్చు కంపెనీదే, ఇక్కడి కార్మిక చట్టంలోనే ఉంది. మొహమాటపడకుండా అడగండి. ఖల్లివల్లి అయినవాళ్లకు (కంపెనీ వదిలి సరైన కాగితాల్లేకుండా ఉంటున్నవాళ్లకు), విజిట్ వీసా మీద వచ్చినవాళ్లకు కంపెనీ ఉండదు కాబట్టి కాన్సులేట్‌లో సంక్షేమ నిధి సాయానికి దరఖాస్తు పెట్టాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు) ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ఆ అనుమతి, తీసుకుని వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. బీమా గడువు దాటకపోతే, ప్రమాదంలో పోయినవాళ్ల ఇంటికి 10 లక్షలు వస్తాయి. ఆ బీమా కాగితం చనిపోయినవాడి సూట్‌కేసు అడుగున ఎక్కడో ఉంటుంది, వెతకండి.

బాడీని హైదరాబాద్‌లో దింపాలంటే ముందే మన ఆరోగ్య శాఖ క్లియరెన్స్ కావాలి. 2023 నుంచి దానికి ఈ-కేర్ పోర్టల్ ఉంది. ఇంటివాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పండి: శంషాబాద్‌లో ప్రయాణికులు బయటికొచ్చే గేటు దగ్గర కాదు, కార్గో టెర్మినల్ దగ్గర ఆగాలి. తీసుకునేవాడి ఆధార్ కావాలి. ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వ అంబులెన్స్ ఉచితం, ఒకరోజు ముందే అడగండి.

చనిపోయినవాడి సామాను ఇద్దరి ముందు సర్ది, జాబితా రాసి, సంతకాలు పెట్టించండి. ఫోన్ రీసెట్ చేయొద్దు. పిల్లలకు కొన్న చాక్లెట్లు ఉంటే అవీ తీయొద్దు.