రాజకాలువ గొడవ మీద వార్త రాసేటప్పుడు

బెంగళూరులో మహదేవపుర వైపు చెరువు గొడవో, రాజకాలువ (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) గొడవో లేని లేఔట్ తక్కువ. అపార్ట్‌మెంటు వాళ్లది ఒక మాట, కాలువ గట్టున ఇళ్లు కట్టుకున్నవాళ్లది ఇంకో మాట. మా ఏరియా నెల పత్రికకు జీతం లేకుండా రాసేవాళ్లం కొందరం ఉన్నాం. నేను మదనపల్లెలో దస్తావేజులు రాసి, వయసయ్యాక కూతురి దగ్గరికి వచ్చినవాణ్ణి. కొత్తగా రాయడానికొచ్చే పిల్లలకు నేను చెప్పే సంగతులు ఇవి.

ముందు మీకు ఆ గొడవతో సంబంధం ఉందేమో చూసుకోండి. 2022 సెప్టెంబర్ వానలకు బెల్లందూరు, యమలూరు మునిగినప్పుడు మా బేస్‌మెంటులోకీ నీళ్లొచ్చాయి. ఆక్రమణల వార్త రాస్తే నేను బయటివాణ్ణి ఎలా అవుతాను? వీలైతే అలాంటిది వేరేవాళ్లకు ఇచ్చేయాలి. ఎవరూ దొరక్కపోతే, రాస్తున్నవాడి బిల్డింగ్ కూడా మునిగిందని వార్తలోనే చెప్పేయాలి.

ఇక కాగితాలు. ఫోన్లో తిరిగే నోటీసు ఫొటోను నమ్మి రాయకండి. ఒకసారి నా దాకా వచ్చిన ఫొటోలో నోటీసు పై సగమే ఉంది: సర్వే నంబరు, 'ఆక్రమణ' అన్న మాట, అంతే. అసలు కాగితం ఉన్న ఇంటికి వెళ్లి అడిగి చూస్తే, కింది సగంలో ఏడు రోజుల్లో మీ ఆధారాలు చూపించండి అని ఉంది. అంటే అది సంజాయిషీ అడిగే నోటీసు, కూల్చమన్న ఆర్డరు కాదు. ఫొటోను కత్తిరించినవాళ్లకు ఆ తేడా తెలియదనుకోను. కాగితం చేతికొస్తే తేదీ, ఎవరి సంతకం, ఎవరి పేరున ఇచ్చారు, జవాబుకు గడువెంత, ఇవన్నీ నోట్ చేసుకోండి. 2025లో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలిక) పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, ఏ ఆఫీసు పేరు మీద ఉందో దాన్ని తేదీతో కలిపి చూడాలి. కన్నడ అక్షరాలు మనకు కూడబలుక్కుంటే వచ్చేస్తాయి గానీ, రెవెన్యూ కన్నడ వేరు. పక్కన ఒక కన్నడిగుణ్ణి కూర్చోబెట్టుకోండి.

పహాణి, అంటే భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు, కర్ణాటక ప్రభుత్వ 'భూమి' వెబ్‌సైట్లో దొరుకుతుంది. అందులో ఖరాబు (సాగుకు లెక్కలోకి రాని నేల) గడి చూడండి. బి ఖరాబు అంటే కాలువ, దారిలాంటి ప్రజల అవసరాలకు వదిలిన నేల. దిశాంక్ యాప్ మీరు నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరులో ఉందో చెబుతుంది. దాన్ని చూసి 'ఫలానా ఇల్లు కాలువలో ఉంది' అని మాత్రం రాయకూడదు. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతుంది, ఇక్కడ గొడవంతా ఆ కొద్ది మీటర్ల మీదే. కొలవాల్సింది సర్వేయరు. సర్వే అయ్యుంటే ఎప్పుడైందో రాయండి, కాకపోతే కాలేదని రాయండి.

'స్టే ఉంది సార్' అని ఎవరైనా అంటే కేసు నంబరు అడగండి. నంబరుంటే కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లోనో, హైకోర్టు సైట్లోనో చూడొచ్చు: స్టే ఎవరికిచ్చారు, ఎప్పటిదాకా. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలే గానీ జవాబుకు 30 రోజుల గడువుంటుంది. అది వచ్చే నెల వార్తకు.

తటస్థంగా రాయడమంటే ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి చేతులు దులుపుకోవడం అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. అపార్ట్‌మెంటు పెద్దమనిషి 'చెరువు నుంచి 75 మీటర్లు వదలాలి, ఆర్డరుంది' అంటాడు. గట్టు మీద ఇల్లున్నాయన 'అది సుప్రీంకోర్టు కొట్టేసింది, ఇప్పుడు ఏ రూలూ లేదు' అంటాడు. 2016 మేలో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 75 మీటర్లన్న మాట నిజం. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టిన మాటా నిజమే. అంతమాత్రాన రూలే లేకుండా పోలేదు. 2015 మాస్టర్ ప్లాన్‌లో చెరువుకు 30 మీటర్లు, రాజకాలువలకు స్థాయిని బట్టి కాలువ మధ్య నుంచి 50, 25, 15 మీటర్లు వదలాలని ఉంది. ఆ లెక్క వార్తలో వేయకుండా 'వాళ్లు ఇలా అన్నారు, వీళ్లు అలా అన్నారు' అంటే చదివేవాడికి ఏం తెలిసినట్టు? పైగా ఈ నిబంధనలు మార్చే ప్రయత్నాలు నడుస్తూనే ఉంటాయి, అచ్చుకిచ్చే ముందు ఇంకోసారి చూసుకోవాలి.

మనుషుల దగ్గరికి వెళ్లేటప్పుడు నోరున్న పక్షం ముందు దొరుకుతుంది. అసోసియేషన్ వాళ్లు ఇంగ్లిష్‌లో టైపు చేసిన ప్రకటన, డ్రోన్ ఫొటోలతో సహా మెయిల్ పెడతారు. గట్టు మీద ఇళ్లవాళ్లకు అదేం ఉండదు. పగలు పనుల్లో ఉంటారు, రాత్రి ఎనిమిది దాటాకే వెళ్లాలి. ఆ వాడలో మన చిత్తూరు, అనంతపురం వాళ్లే చాలామంది. 'ఏం పెద్దాయనా, మా ఇల్లు పడగొట్టడానికొచ్చినావా?' అన్నారు మొదట. టెన్షన్ పడకండి. ఎవరి తరఫునా రాలేదని చెప్పి, రెండు పక్షాలనూ ఒకే ప్రశ్నలు అడగండి: మీ దగ్గర ఏ కాగితం ఉంది, ఎవరిచ్చారు, ఏ సంవత్సరంలో?

ఒక మనిషిని కబ్జాకోరు అనకండి. ఆ మాట అధికారి ఆర్డరులోనో, కోర్టు తీర్పులోనో ఉంటే అక్కడ ఉందని చెప్పి రాయండి. లేకపోతే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు పడొచ్చు. పిల్లల మొహాలు ఫొటోల్లో వద్దు.

ఆఫీసరు ఫోన్ ఎత్తలేదా? 'స్పందించలేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆయనేదో దాస్తున్నట్టుంటుంది. ఏ రోజు అడిగామో, ఏమడిగామో, అచ్చుకు వెళ్లేసరికి జవాబు రాలేదని రాయండి. సాయంత్రం నాలుగింటికి మెసేజ్ పెట్టి ఆరింటికి పేజీ మూసేస్తే అది అడిగినట్టు కాదు, కనీసం ఒక పనిరోజు ఇవ్వాలి.

అచ్చుకు ముందు 'ఏం రాశారో చూపించండి' అని రెండు పక్షాలూ అడుగుతాయి. వార్త మొత్తం ఎవరికీ చూపించను. ఎవరు చెప్పింది వాళ్లకు ఫోన్లో చదివి వినిపిస్తాను. తేదీ, అంకె తప్పుంటే దిద్దుతాను. 'ఆ మాట నేనన్నాను గానీ తీసెయ్' అంటే, రెండో పక్షం వాళ్లు అడిగినా తీసేస్తానా అని ఆలోచించి జవాబు చెబుతాను.